మంగళవారం పర్చీలు

కోంటా
4 ఫిబ్రవరి 2024

ఒరేయ్ నరసింహులూ,

దీవెనలు తర్వాత. ముందు తిట్లు.

ప్రవీణ్ ఆదివారం ఇంటికొచ్చి పలక మీద రాసి చూపించాడు. మామ నన్ను ఏదో మండలిలో చేర్పిస్తానంటున్నాడు, ప్రతి మంగళవారం పొద్దున్నే ఏడింటికి పోవాలట, అక్కడ ఒకరికొకరు పని చూపించుకుంటారట అని. ఒక్క పలక సరిపోలేదు, తుడిచి మళ్ళీ రాశాడు. ఇరవై రెండేళ్ళు పిండిమిల్లు పక్కన నిలబడితే ఆ మోతకు నా చెవులు పోయాయి గానీ, బుర్ర పోలేదు. నా మిల్లుకొచ్చే వాళ్ళంతా ఇప్పుడు పలక మీద రాస్తారు: గోధుమలు, మెత్తగా. జొన్నలు, కాస్త బరకగా. రాయడం రానివాళ్ళు వేళ్ళు చూపిస్తారు. ఎవరూ నన్ను మోసం చేయలేరు. నువ్వు తప్ప.

వాడు నా ఒక్క కొడుకు. మీ బావ పోయాక ఈ మిల్లు తిప్పి పెంచాను. జగదల్‌పూర్‌లో వెల్డింగ్ షాపు పెట్టి ఏడాది కాలేదు. గేట్లు, కిటికీ ఊచలు, కంచెలు చేసుకుంటూ తన మానాన తాను బతుకుతున్నాడు. వాణ్ణి నీ ఆటల్లోకి లాగుతున్నావేమోనని భయంగా ఉంది.

పదిహేనేళ్ళప్పుడు నువ్వు చేసింది నేను మరిచిపోలేదు. బట్టల కొట్టు శెట్టి నిక్షేపంగా ఉండగా, పోయాడని చెప్పి పాడె కట్టేవాళ్ళను ఇద్దరిని ఆయన ఇంటికి పంపావు. వెదురుబొంగులు మోసుకుని వాకిట్లోకి వచ్చిన ఆ ఇద్దరినీ శెట్టి కొడుకులు ఆ బొంగులతోనే బాదారు. ఒకడి మోకాలిచిప్ప పగిలింది, చచ్చేదాకా కుంటాడు. నువ్వు చెట్టెక్కి నవ్వుతున్నావు. నాన్న నిన్ను కిందికి లాగి తోలు ఊడేలా కొట్టాడు. అప్పుడూ నవ్వుతూనే ఉన్నావు.

నువ్వు ఆ మండలిలో చేరి ఏడాదయింది. మనలాంటి చిన్న పనివాళ్ళకు అది పనికొస్తుందా, రాదా? ఉన్నదున్నట్టు చెప్పు. అబద్ధం చెప్పావో, మిల్లు బెల్టు సంచిలో పెట్టుకుని పొద్దున బస్సెక్కుతా.

వరమ్మ

*

జగదల్‌పూర్
13 ఫిబ్రవరి 2024, మంగళవారం

అక్కా,

నీ కాళ్ళకు దండం. నీ బెల్టుకు ఇంకా పెద్ద దండం.

ఫోన్ చేస్తే నీకు వినబడదు, వాట్సాప్ చేద్దామంటే నీది గుండీల ఫోను. అందుకని కాయితం ఖరాబు చేసి కోంటా బస్సు కండక్టరు చేతికిస్తున్నా. నా చదువు ఎనిమిదితో ఆగింది. తప్పులుంటే పిండితో పాటు జల్లించుకో.

దీని పేరు వ్యాపార మిత్ర మండలి. ఒక హోటలు మేడ మీద ఇరవై ఆరుగురం కూర్చుంటాం. ఒక పనికి ఒక్కడే, అది మొదటి రూలు. ఫొటోలకు ఒక్కడు, టెంట్లకు ఒక్కడు, ఏసీలకు ఒక్కడు, సెప్టిక్ ట్యాంకు బండికి ఒక్కడు. ఆ ఒక్కడు నీ తమ్ముడు.

ఒక్కొక్కడు లేచి నిమిషం పాటు తన పని గురించి చెప్పుకోవాలి. నిమిషం కాగానే గంట కొడతారు. నా వంతు వచ్చేసరికి అందరి ప్లేట్లలో ఇడ్లీలో, పోహానో ఉంటుంది. నేను లేచి, "అన్నలారా, ఇప్పుడు మీరు లోపల వేస్తున్నదంతా ఎల్లుండికి నా బండిలోకే వస్తది" అంటాను. సగం మంది ప్లేట్లు పక్కన పెడతారు. టెంట్ హౌసు ఆయన ఒకసారి కక్కుకున్నాడు. అందుకే నాకు మాత్రం నలభై సెకన్లకే గంట కొడుతున్నారు.

ఆ తర్వాత పర్చీలు. అచ్చేసిన చిన్న చీటీ. ఇచ్చేది ఎవరు, పుచ్చుకునేది ఎవరు, పని ఏంది, ఎక్కడ, నా పేరు చెప్పొచ్చా. అయిదే గీతలు. నాకు తెలిసినోడి ఇంట్లో పెళ్ళి ఉందనుకో, టెంటువాడికి ఒక పర్చీ, ఫొటోవాడికి ఒక పర్చీ. మూడు మంగళవారాలు వరసగా ఒక్క పర్చీ కూడా ఇవ్వకపోతే సీటు పీకేస్తారు. నా సీటు కోసం ఎవడు కాచుకుని ఉన్నాడో తెలుసా? దుర్గేశ్. బిలాస్‌పూర్ వైపు నుంచి వచ్చాడు. వాడిదీ సెప్టిక్ బండే, నా దానికన్నా కొత్తది, హారను కూడా పలుకుతుంది.

సీటంటే మాటలు కాదు. పోయిన దీపావళికి ఫొటోగ్రాఫర్ సీటు ఖాళీ అయితే నందకూ ఇంకొకడికీ హోటలు మెట్ల మీదనే యుద్ధం. కెమెరా స్టాండ్లతో కొట్టుకున్నారు. రెండోవాడి ముందు పళ్ళు రెండు మెట్టు మెట్టుకూ దొర్లుకుంటూ కిందికి వచ్చాయి. నంద మేడెక్కి, మూతి మీద నెత్తురు తుడుచుకుని, "పెళ్ళిళ్ళకు, బారసాలలకు నన్ను పిలవండి" అని నిమిషం నిండేదాకా మాట్లాడాడు. మేము చప్పట్లు కొట్టాం.

పనికొస్తుందా అని అడిగావు. ఒక్కటే చూడు. ఊళ్ళో ఎవరి ఇంట్లో ఏం జరగబోతుందో నీ పనిలో నీకు ముందే తెలుస్తుందా? తెలిస్తే పనికొస్తుంది. టెంటువాడికి పెళ్ళిళ్ళు తెలుస్తాయి. మేస్త్రీకి కట్టే ఇళ్ళు తెలుస్తాయి. అలాంటివాళ్ళు ఇస్తారు, పుచ్చుకుంటారు. నా సంగతి వేరు. నేను ట్యాంకు మూత తీయగానే ఇంటివాడు ముక్కు మూసుకుని లోపలికి పోతాడు. "మా అమ్మాయికి సంబంధం కుదిరింది నరసింహులూ" అని పైపు పక్కన నిలబడి ఎవడు చెప్తాడు? నాకు పర్చీలు వస్తాయి. ఇవ్వడానికే నా దగ్గర ఏమీ ఉండదు. ప్రవీణ్‌ది అట్లా కాదు. మా మేస్త్రీ, మా పెయింటరు, మా సిమెంటు కొట్టు ఆయన, ముగ్గురూ వాడికి గేట్లు చూపిస్తారు. చేరనీ.

ఇవ్వడానికి ఏమీ లేని మూడో మంగళవారం నేనేం చేశానో చెప్పనా? నందకు ఒక పర్చీ రాసిచ్చా. "అయిదుగురు పసివాళ్ళ ఫొటోలు తీయాలి, తల్లి ఇంటి దగ్గరే ఉంటుంది" అని. పోయాడు. అయిదు కుక్కపిల్లలు. తల్లి ఇంటి దగ్గరే ఉంది. పిక్క మీద ఇంత కండ పట్టుకుని ఊడబీకింది. వాడు కెమెరాతో దాన్ని కొడితే కెమెరా పగిలింది, కుక్క పగల్లేదు. అడ్రసు తప్పు రాశానని దండం పెట్టాను. సీటు నిలబడింది.

నవ్వావా లేదా?

నీ తమ్ముడు
నరసింహులు

*

కోంటా
3 మార్చి 2024

నరసింహులూ,

నవ్వలేదు.

కొరికింది కుక్క కాబట్టి సరిపోయింది. కుక్క పళ్ళకు ఒక కొలత ఉంటుంది. మనిషికి చేతికి ఏది దొరికితే అది. మొన్న నా మిల్లు ముందు వరసలో ఎవరు ముందని ఇద్దరు కలబడ్డారు. ఒకడు రెండోవాడి చెవి కొరికి నా గడప మీద ఊశాడు. చెవి పోయినోడు నేల మీద పొర్లుతుంటే, నాకు రెండున్నా పనికి రావడం లేదు, నువ్వు ఒకదానికే ఏడుస్తావేంది అన్నాను. తర్వాత ఆ గడప కడుగుతుంటే నీ ఉత్తరం గుర్తొచ్చింది. ఇద్దరిలో ఒకడికైనా పొద్దున ఇంట్లో నుంచి బయల్దేరేటప్పుడు తెలుసా, సాయంత్రానికి ఇట్లా అవుతుందని?

మేస్త్రీ, పెయింటరు అన్న మాట బాగుంది. అందుకని ప్రవీణ్‌ను చేరమన్నాను. వాడు పలక మీద ఏం రాశాడో చదువుకో: "అందరి పర్చీలూ ఫోన్ చేసి అడిగాకే పోతా. మామ ఇస్తే మాత్రం అడిగేది లేదు, సామాను వేసుకుని నేరుగా పోవడమే."

ఈ మాట నీ మీద పెడుతున్నా. వాడికి తప్పుడు పర్చీ ఇచ్చిన రోజు నీ వేళ్ళు రోట్లో పెట్టి దంచుతా.

వరమ్మ

*

జగదల్‌పూర్, ఆస్పత్రి
20 మార్చి 2024, బుధవారం

అక్కా,

ఈ కాయితం అందగానే ఇదే బస్సు తిరిగొచ్చేటప్పుడు ఎక్కు. కండక్టరుకు చెప్పాను, నీకు సీటు ఉంచుతాడు.

ప్రవీణ్ బతికే ఉన్నాడు. అది ముందు చదువు. మళ్ళీ చదువు. ఇప్పుడు కిందికి రా.

తోంగ్‌పాల్ దాటాక రోడ్డు పక్కన బుధ్రా అని ఒక రైతు ఉన్నాడు. వాడి ఇల్లు, తమ్ముడు లక్మా ఇల్లు పక్కపక్కనే. మధ్యలో కాస్త జాగా, ఆ జాగా నాదంటే నాదని కొట్లాట. ఆ జాగాలో కంచె వేయాలని నా అల్లుడు ప్రవీణ్‌కు నిన్న పర్చీ వచ్చింది. ఈ పొద్దున ఎనిమిదింటికి ఇనుప స్తంభాలు వేసుకుని పోయాడు. బుధ్రా సంతకు పోయాడు, ఇంట్లో లేడు. పర్చీలో ఎట్లా ఉందో అట్లాగే, ఆ జాగాలో నిలబెట్టి ఉన్న రాయి దగ్గర నుంచి గుంతలు తవ్వడం మొదలుపెట్టాడు. రాయి ఒరిగింది. పడిపోయింది.

అది వాళ్ళ నాన్న రాయి అక్కా. పోయినోళ్ళ పేరు మీద నిలబెడతారు కదా, అది.

లక్మా తన గడపలో నుంచి చూశాడు. గొడ్డలి పట్టుకుని వచ్చాడు. మొదటి వేటు భుజం మీద, ఎముక కనబడేదాకా. రెండోది తల మీదికి వస్తుంటే అల్లుడు కుడిచేయి అడ్డం పెట్టాడు. మణికట్టు తెగి తోలు మీద వేలాడింది. రోడ్డు మీద పోతున్న జీపువాళ్ళు తువ్వాలు చుట్టి తెచ్చారు. మధ్యాహ్నం డాక్టర్లు చేయి తీసేశారు.

లక్మా పారిపోలేదట. రాయిని మళ్ళీ నిలబెట్టి, మట్టి తొక్కి, దానికి ఆనుకుని కూర్చున్నాడట. పోలీసులు వచ్చేదాకా అట్లాగే ఉన్నాడట.

ఆ పర్చీ అల్లుడికి ఇచ్చింది నేనే. కానీ నాతో చెప్పింది దుర్గేశ్. సోమవారం పెట్రోలు బంకు దగ్గర నన్ను ఆపి, "బుధ్రాకు కంచె కావాలట, రాయి దగ్గర నుంచి మొదలుపెట్టమన్నాడు, తను ఇంట్లో లేకపోయినా పని ఆపొద్దన్నాడు" అని చెప్పాడు. నా సీటు మీద కన్నుతో వేసిన ఎత్తు. నా చేత నా అల్లుణ్ణి నరికించాడు. సాక్ష్యం లేదు కాబట్టి పోలీసులకు వాడి పేరు చెప్పలేదు. ఎవరో ఫోన్ చేశారన్నాను. నువ్వూ చెప్పొద్దు.

తొందరగా రా.

నరసింహులు

*

కోంటా
14 ఏప్రిల్ 2024

నరసింహులూ,

ప్రవీణ్‌ను తెచ్చుకున్నాను. అన్నం కలిపి పెడుతుంటే మొహం గోడకు తిప్పుకుంటున్నాడు. భుజం కట్టు విప్పినప్పుడు మాత్రం నా చీర కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని కొరుకుతాడు. కొంగుకు రెండు చోట్ల చిల్లులు పడ్డాయి.

ఆస్పత్రిలో ఇరవై రోజులు నువ్వు రోజూ వచ్చావు, మందులు తెచ్చావు, ఎత్తి కూర్చోబెట్టావు. నా మొహం వైపు మాత్రం ఒక్కసారీ చూడలేదు. బాధతోనేమో అనుకున్నా.

నీకు చెప్పకుండా ఒక పని చేసి వచ్చాను. ఇప్పుడు చెప్తున్నా.

మంగళవారం పొద్దున నువ్వు మీ మీటింగులో ఉన్నావు. ప్రవీణ్‌ను బస్టాండులో బెంచీ మీద కూర్చోబెట్టి, దుర్గేశ్ బండి ఎక్కడ ఆపుతాడో చాయ్ కొట్టులో అడిగి పోయాను. వచ్చిన మొదటి రోజు నుంచీ నా సంచిలో మిల్లు బెల్టు ఉంది. వాడు పైపు చుడుతున్నాడు. దుర్గేశ్ నువ్వేనా అన్నాను. తలూపాడు.

మొదటి దెబ్బకు పైపు వదిలేశాడు. వీపు మీద వేశాను. మోకాళ్ళ మీద పడితే మెడ మీద వేశాను. చొక్కా చినిగి కింద తోలు లేచింది. వాడు నన్ను తిరిగి కొట్టలేదు. చేతులు అడ్డం పెట్టుకుని ఏదో అంటూనే ఉన్నాడు. నాకు వినబడదు కదా. నోరు కదలడం ఒక్కటే కనబడుతోంది. అబద్ధాలు కక్కుతున్నాడని ఆ నోటి మీద ఇంకొకటి వేశాను. వాడు తల తిప్పాడు. బెల్టు అతుకు దగ్గర ఇనుప ముళ్ళు ఉంటాయి చూడు, అవి కంట్లో దిగాయి. లాగితే రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాను.

వాడి పెళ్ళాం మీనా పరుగెత్తుకొచ్చి నా జుట్టు చేతికి చుట్టుకుని ఈడ్చింది. ఆమె నోరూ కదులుతూనే ఉంది. చాయ్ కొట్టు వాళ్ళు విడదీసి నన్ను బస్టాండుకు తోలారు. బస్సులో పులిహోర పొట్లం తిన్నాను.

నా కొడుక్కి చేయి లేదు, వాడికి కన్ను లేదు. ఇక చాలు.

వరమ్మ

*

జగదల్‌పూర్
23 ఏప్రిల్ 2024, మంగళవారం

అక్కా,

నీ ఉత్తరం మడత పెట్టి జేబులో పెట్టుకుని తిరుగుతున్నా. ఎవరికీ చూపించలేదు.

దుర్గేశ్ ఎడమకన్ను తీసేశారట. చూపు ఉంటుందేమోనని వారం చూసి, చీము పట్టాక తీసేశారట. అంత పని చేస్తావనుకోలేదు. బెల్టు మాట ఎప్పుడూ అంటావు కదా, మాటే అనుకున్నా.

వాడు పోలీసు కేసు పెట్టలేదు. ఎందుకో తెలియదు. నువ్వు మాత్రం కోంటా దాటి రావద్దు. దుర్గేశ్ వచ్చినా, మీనా వచ్చినా తలుపు తీయొద్దు. వాళ్ళు ఏం రాసి చూపించినా చదవొద్దు. ప్రవీణ్‌ను కూడా వాళ్ళతో మాట్లాడనీయకు.

ఇవాళ మీటింగులో నా నిమిషం వచ్చింది. లేచాను. ఇడ్లీ మాట, బండి మాట ఏదో అందామనుకున్నా. గంట కొట్టేదాకా ఊరికే నిలబడ్డా. నిండా అరవై సెకన్లు ఇచ్చారు ఈసారి. అల్లుడి కోసం ఏడుస్తున్నానని అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఒకేసారి నాలుగు పర్చీలు ఇచ్చారు. ఇంతకుముందు ఎప్పుడూ రెండు దాటలేదు.

పనికొస్తుందా అని అడిగావు కదా ఫిబ్రవరిలో. వస్తోంది.

నరసింహులు

*

కోంటా
12 మే 2024

నరసింహులూ,

దుర్గేశ్ వచ్చాడు.

తలుపు తీయొద్దన్నావు. మిల్లుకు తలుపు ఎక్కడిది, షట్టరు. పొద్దున ఆరింటి నుంచి ఎత్తే ఉంటుంది. కంటి మీద పచ్చగుడ్డ కట్టుకుని లోపలికి వచ్చాడు. నేను బెల్టు అందుకున్నాను. వాడు పలక అందుకున్నాడు.

హిందీలో రాశాడు. "ఆ రోజు మీరు కొడుతున్నప్పుడు నేను అంటున్నది ఇదే, అమ్మా. మీ తమ్ముడికీ నాకూ ఏడాదిగా మాటల్లేవు. నేను ఆయనకు ఏమీ చెప్పలేదు."

తుడిచి మళ్ళీ రాశాడు. "ఆ ఇంటి వాకిట్లో నేను కాలు పెట్టలేదు. అక్కడ రాయి ఉందని మీ అబ్బాయిని నరికాకే విన్నాను."

మళ్ళీ తుడిచాడు. "ఫిబ్రవరిలో బుధ్రా ఇంటి ట్యాంకు ఎవరు ఖాళీ చేశారో అడగండి."

ప్రవీణ్ నా భుజం మీదుగా చదువుతున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే వాడి పెదాలు కదిలాయి. చెవులు పోయిన ఈ మూడేళ్ళలో నాకు వినకుండానే తెలిసిన మాట అదొక్కటే. మామ అన్నాడు.

కేసు ఎందుకు పెట్టలేదని దుర్గేశ్‌ను అడిగాను. "కొడుకు చేయి పోయిన తల్లి మీరు, పైగా మీకు వినబడదు. మీనా రోజూ ఠాణాకు పోదామనేది. ముందు మీకు నిజం తెలియాలని నేను ఆపాను. లేచి తిరిగేసరికి నెల పట్టింది" అని రాశాడు. బదులు రాయబోతే నా చేతిలో సుద్ద పొడిపొడి అయింది.

రాయి దగ్గర నుంచి మొదలుపెట్టమని ఎవరికి తెలుస్తుంది? ఆ రాయిని చూసినోడికి. నువ్వు చూశావు.

లక్మా జైల్లో ఉన్నాడు. ప్రవీణ్‌కు చేయి లేదు. దుర్గేశ్‌కు కన్ను లేదు, తీసింది నేను, తీయించింది నువ్వు. నీకు మాత్రం అన్నీ ఉన్నాయి, సీటుతో సహా.

నాకు జవాబు పంపొద్దు. మంగళవారం నీ నిమిషంలో అందరి ముందూ చెప్పు. అక్కడి నుంచి నేరుగా ఠాణాకు పోయి చెప్పు. ఆ తర్వాతే నాకు కాయితం పంపు. అంతకు ముందు వచ్చిందా, చదవకుండా మిల్లులో పోసి ఆడిస్తా.

వరమ్మ

*

జగదల్‌పూర్
23 మే 2024

అక్కా,

చెప్పాను. రెండు చోట్లా చెప్పాను. ఇది మిల్లులో పోయొద్దు.

అక్షరాలు ఇట్లా ఉన్నాయేందంటే, కుడిచేతికి రెండు వేళ్ళు విరిగాయి. నువ్వు రోట్లో దంచుతానన్న వేళ్ళే.

14వ తారీఖు మంగళవారం నేను మీటింగుకు పోలేదు. ఒంట్లో బాగాలేదని ఫోన్ చేశాను. అబద్ధం. నీ ఉత్తరం ముందు రోజే అందింది, భయం వేసింది. 21న పోయాను. నా వంతు వచ్చింది, లేచాను. ఎప్పటిలాగే నవ్వడానికి సిద్ధంగా మొహాలు పెట్టుకున్నారు. అక్కడ ఏం చెప్పానో నీకూ అదే చెప్తున్నా.

"ఫిబ్రవరిలో బుధ్రా ఇంటి ట్యాంకు నేనే ఖాళీ చేశాను. పైపు లోపలికి వదిలి, ఆ రాయి పక్కనే నిలబడి బీడీ కాల్చాను. అన్నదమ్ములు జాగా గురించి తిట్టుకుంటుంటే విన్నాను. లక్మా గొడ్డలి గుమ్మానికి ఆనించి ఉంది, అదీ చూశాను. మార్చి 19 నాకు పర్చీ లేని మూడో మంగళవారం. పర్చీ ఇవ్వకపోతే సీటు దుర్గేశ్‌కు పోతుంది. ఇదే కుర్చీలో కూర్చుని ఒకటి పుట్టించాను. మా అల్లుడి పేరు మీద రాశాను, వాడైతే నన్ను అడగడని. వాడు గుంతలు తవ్వుతుంటే బుధ్రా సంత నుంచి వచ్చి తిట్టిపోస్తాడు, అల్లుడు తెల్లమొహం వేస్తాడు, మా అక్క ముందు చెప్పుకుని నవ్వుకుందామని. ఉత్త పర్చీ అయితే నిజంలా లేదని రాయి మాట కలిపాను. ఇంట్లో లేకపోయినా పని ఆపొద్దన్నదీ నా కల్పనే. దుర్గేశ్‌కు ఏమీ తెలియదు."

గంట మధ్యలోనే కొట్టారు. ఆపలేదు. రాయి ఏందో తెలియదు అందామని నాలుక చివరిదాకా వచ్చింది అక్కా. కోంటాలో పుట్టినోణ్ణి, నాకు తెలుసు. తెలుసనే చెప్పాను. పడిపోతుందనుకోలేదు, అంతే. గుంత తవ్వితే పడుతుందని ఆలోచించడానికి ఎంతసేపు పట్టేది? బీడీ కాల్చినంతసేపు కూడా పట్టదు.

మొదట నంద లేచాడు. "ఆ కుక్క అడ్రసు కూడా తప్పు కాదు కదరా" అన్నాడు. కాదన్నాను. స్టీలు జగ్గు తీసి నా మొహం మీద కొట్టాడు. తర్వాత ఎవరు ఎక్కడ కొట్టారో చెప్పలేను. మేస్త్రీ బూటుతో నా చేయి తొక్కి పట్టాడు, వేళ్ళు అప్పుడే విరిగాయి. పక్కటెముక ఒకటి లోపల కదిలిన చప్పుడు వినబడింది. మెట్ల మీది నుంచి దొర్లించారు. నా పళ్ళు రెండు నాకన్నా ముందు కిందికి చేరాయి. ఆ మెట్ల మీది పళ్ళ గురించి నీకు నవ్వుతూ రాశాను కదా, అది గుర్తొచ్చింది.

అక్కడి నుంచి ఠాణాకు. నెత్తురు కారుతూ పోతే ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చాననుకున్నారు. నా మీదే ఇస్తున్నానంటే తాగానేమోనని నోరు వాసన చూశారు. మొత్తం రాసుకున్నారు. లక్మా కేసులో నా మాట కూడా కోర్టు వింటుందట, నా మీదా కేసు ఉంటుందట. పిలిస్తే రావాలి, జిల్లా దాటొద్దన్నారు.

బయటికి వచ్చేసరికి నా బండి తగలబడుతోంది. ఎవరో డీజిలు పోశారు. పైపు కాలుతుంటే ఆ వాసనకు జనం ముక్కులు మూసుకుని దూరం జరిగారు, నాకు అలవాటే కాబట్టి నేను ఒక్కణ్ణే దగ్గర నిలబడి చూశాను.

సీటు దుర్గేశ్‌కు ఇచ్చారు. సీటుంది, బండి ఉంది. ఒంటికన్నుతో ఆ బండి వెనక్కి తీయలేడు. మొన్న ఒక గోడకు కొట్టాడట. మీనా దాని మీద టార్పాలిన్ కప్పేసింది.

అక్కా, నాకు ఏం చేయాలో తెలియడం లేదు. అల్లుడు నా మొహం చూస్తాడా?

నరసింహులు

*

కోంటా
2 జూన్ 2024

నరసింహులూ,

చదివాను. మిల్లులో పోయలేదు.

నేను కూడా జగదల్‌పూర్ వచ్చి పోయాను. నిన్ను చూడడానికి కాదు. దుర్గేశ్ కన్ను తీసింది నేనేనని ఠాణాలో వేలిముద్ర కాదు, సంతకం పెట్టి వచ్చాను. నేనూ కోర్టుకు తిరుగుతా, నీ వెనక బెంచీలో. బయట మీనా ఉంది. నా మొహం మీద ఉమ్మింది. బస్సు ఎక్కేదాకా తుడుచుకోలేదు.

ప్రవీణ్ మళ్ళీ షాపు తెరుస్తానంటున్నాడు. కొలతలు, బేరాలు వాడివి, వెల్డింగ్ జీతానికి ఇంకొకరు. మండలిలో కూడా ఉంటాడట. మేస్త్రీ ఇచ్చిన పర్చీలు రెండు నిజంగా గేట్లయ్యాయి కదా అంటున్నాడు. ఇక ఎవరు ఇచ్చినా ముందు ఫోన్ చేస్తాడట. నీ మొహం చూస్తాడా అని అడిగావు. అడిగాను. పలక తీసుకున్నాడు, ఏమీ రాయకుండా తిరిగిచ్చాడు. కాసేపటికి సంచిలో నుంచి ఖాళీ పర్చీ ఒకటి తీసి, నేను చెప్పింది ఎడమచేత్తో రాశాడు. కింద ఉంది. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వితే ఈసారి బెల్టు కాదు, నేనే వస్తా.

ఇది పుట్టించింది కాదు. ఆ రోజే, ఠాణాకు పోయే ముందు, దుర్గేశ్‌ను, మీనాను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాను. మీనా లేచి పోయింది. దుర్గేశ్ పలక తీసుకుని, "పొద్దున ఆరింటికి" అని రాశాడు. నీ వేళ్ళు అతుక్కునేదాకా ఆగమని వాళ్ళను అడగలేదు.

ఇచ్చేది: వరమ్మ, పిండిమిల్లు, కోంటా.

పుచ్చుకునేది: నరసింహులు.

పని: దుర్గేశ్ బండి నడపాలి. పైపు పట్టాలి, మూతలు తీయాలి. ఎన్నాళ్ళని రాయడానికి ఈ చీటీలో గీత లేదు, కాబట్టి అడగొద్దు.

ఎక్కడ: వాళ్ళ వాకిట్లో, టార్పాలిన్ కింద.

నా పేరు చెప్పొచ్చా: వద్దు. నీ పేరు చెప్పు. మీనా తలుపు తీసేదాకా నిలబడు.